పెరటి కోళ్ల గూటికి పందికొక్కుల బెడద: మందుకన్నా ముందు మేత, నేల

రాజాం దగ్గరి పల్లె నుంచి మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. పెరట్లో నాటుకోళ్ల కోసం మోకాలెత్తు ఇటుక గోడ, దానిపైన ఆరుమూలల కన్నుల జాలి, రేకుల కప్పు, మట్టినేలతో గూడు కట్టుకున్నారు. వానలు తగ్గినప్పటి నుంచి గూటి లోపల బొరియలు పడుతున్నాయి, వాటి నోటి దగ్గర మట్టి గుట్టలు పడుతున్నాయి, మేత తరుగుతోంది, తల్లి రెక్కల కింద పడుకున్న పిల్లలు తెల్లారేసరికి ఒకటీ రెండూ కనిపించడం లేదు. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన నూకలు పెట్టమని ఒకరు, పిల్లిని తెచ్చుకోమని మరొకరు చెప్పారు. ఈ రెంటిలో ఏది మేలని మీ ప్రశ్న. విజయనగరం జిల్లాలో ఏళ్ల తరబడి కోళ్లు పెంచుతూ, చుట్టుపక్కల ఊళ్లలో చాలామందికి గూళ్లు దగ్గరుండి కట్టించినవాడిగా నా సమాధానం ఏమిటంటే, వీటికన్నా ముందు చేయవలసిన పనులు రెండున్నాయి. రాత్రిపూట గూటిలో మేత గింజ మిగలకుండా చూడడం ఒకటి, కింది నుంచి తవ్వుకుని రాలేని నేల వేయడం రెండోది. ఈ రెండూ జరగనంత కాలం మీరు ఎన్నింటిని చంపినా, ఖాళీ అయిన బొరియలోకి పక్క పొలం నుంచి మరో జత వచ్చి చేరుతుంది. ఆడ ఎలుక మూడు వారాల్లోనే ఈని, ఒక్క ఈతలో అరడజనుకు పైగా పిల్లల్ని పెడుతుంది కనుక, చంపడంలో దానితో పోటీపడి మనం గెలవలేము.

మీరు రాసిన గుర్తులను బట్టి ప్రధానంగా వస్తున్నది పందికొక్కు. బొరియ నోటికి ఒక పక్కన మెత్తగా నలిగిన తాజా మట్టి గుట్టగా పోసి ఉండడం, కొన్ని నోళ్లు లోపలి నుంచి మట్టితో మూసి ఉండడం దాని పద్ధతి. ఇంటి ఎలుక ఇంతగా నేల తవ్వదు. అది ఎక్కే జీవి, చూరులోనో తాటాకు కప్పులోనో కొబ్బరి మొవ్వులోనో ఉండి, రాత్రి గోడల మీదుగా, కొమ్మల మీదుగా దిగుతుంది. అది తిరిగే దారిలో గోడ మీద నూనె మరకలాంటి నల్లటి చార పడుతుంది. మూతి పొడవుగా ఉండి కంపు కొట్టే చుంచు అసలు ఎలుక జాతికి చెందినదే కాదు, ఎక్కువగా పురుగులను తింటుంది. దానిని చూసి కంగారు పడనక్కరలేదు గానీ, అది దూరిన సందులో చిట్టెలుక కూడా దూరుతుందని గుర్తుంచుకోండి.

పిల్లలు పోతున్న తీరును కూడా ఒకసారి జాగ్రత్తగా చూడండి. పాము గుడ్డును మింగితే పెంకు ముక్క కూడా మిగలదు. ముంగిస గానీ, అడవిపిల్లి గానీ లోపలికి వస్తే పెద్ద కోళ్లు కూడా మెడ దగ్గర గాట్లతో పడి ఉంటాయి. పందికొక్కు చిన్న పిల్లను పట్టి నేరుగా బొరియలోకి లాక్కుపోతుంది, అందువల్ల నెత్తురు మరకలు పెద్దగా కనిపించవు. బొరియ నోటిలో వేలు పెట్టకుండా టార్చి వేసి చూస్తే ఒక్కోసారి నాలుగు నూగు ఈకలు కనిపిస్తాయి. పెద్ద కోళ్ల కాలివేళ్ల చివర్లు, మడమల వెనక తోలు కొరికి ఉంటే అది కూడా ఎలుకల పనే, ఎందుకంటే చీకట్లో కోడికి చూపు ఆనదు, ఏం జరుగుతున్నా కదలకుండా కూర్చుంటుంది. సాయంత్రం గూటిలోకి వెళ్లకుండా జామచెట్టు ఎక్కి కూర్చునే కోళ్లను మొండివని తిట్టకండి; లోపల రాత్రివేళ ఏదో తిరుగుతోందని వాటికి తెలుసు.

ఇప్పుడు మేత సంగతి. గూటికి ఎలుకలు వచ్చేది కోళ్ల కోసం కాదు, వాటి ముందు మనం పోసే నూకలు, తవుడు, చోళ్ల (రాగుల) కోసం. ఎలుక రోజుకు తన బరువులో సుమారు పదో వంతు తింటుంది, తిన్నదానికన్నా ఎక్కువ మేతను మూత్రంతో, పెంటికలతో పాడుచేస్తుంది, పందికొక్కు అయితే దానికి తోడు గింజను బొరియలో దాచుకుంటుంది కూడా. బయట తిరిగి మేసే కోడికి మనం పెట్టవలసిన మేత తక్కువే కనుక, పొద్దున ఒక పూట, సాయంత్రం నాలుగింటికి ఒక పూట, అవి అరగంటలో ఊడ్చి తినగలిగినంత మాత్రమే పోయండి. చీకటి పడే ముందు తొట్టిని గూటి నుంచి తీసేసి, కింద పడిన గింజలను ఊడ్చేయండి. నీళ్ల గిన్నెను కూడా బోర్లించండి. చీకటి పడ్డాక కోళ్లు నీళ్లు తాగవు, వేసవిలో ఆ నీటి కోసమే ఎలుకలు వస్తాయి. గుడ్లను సాయంత్రానికే ఏరేయాలి. మేత నిల్వ చేసేది గోనెసంచిలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో అయితే దానిని ఈ రోజే మార్చండి, ఎందుకంటే జీవితాంతం పెరుగుతూనే ఉండే పళ్లకు ప్లాస్టిక్ ఒక లెక్కలోనిది కాదు. బిగుతు మూత ఉన్న రేకు డబ్బా గానీ, పాత నూనె డ్రమ్ము శుభ్రంగా కడిగినది గానీ, గోడకు అడుగు దూరంలో, ఎత్తయిన బల్ల మీద పెట్టండి. నిల్వ డబ్బా గూటి లోపల ఉండకూడదు.

ఈ ఒక్క పనీ పట్టుదలగా చేస్తే వారం పది రోజుల్లోనే రాకపోకలు తగ్గడం మీకు కనిపిస్తుంది. అయితే పిల్లల రుచి మరిగిన పందికొక్కు మేత లేకపోయినా వస్తుంది కాబట్టి, నేల పని తప్పదు.

మట్టినేల ఉన్నంత వరకు మీ గూడు కింది నుంచి తెరిచి ఉన్నట్టే. చేయగలిగితే మూడు నాలుగు అంగుళాల మందాన కాంక్రీటు వేయించండి. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపి, కడగడానికి వీలుగా గుమ్మం వైపు కొద్దిగా వాలు పెట్టించండి. సిమెంటు పిసినారితనంగా కలిపిన నేల అంచులను పందికొక్కు గీరి గీరి పొడి చేసేస్తుంది. కాంక్రీటుకు చేతిలో డబ్బు లేకపోతే, నేలను నాలుగు అంగుళాలు తవ్వి, అంతటా అర అంగుళం కన్నున్న వెల్డ్ మెష్ (తీగలను చదరపు కన్నులుగా అతికించిన ఇనుప జాలి) పరిచి, అంచులను గోడకు పైకి మడిచి మేకులు కొట్టించి, మళ్లీ మట్టి వేసి దిమ్మిస చేయించండి. పైన ఊక పోసుకోవచ్చు. ఊక పోసే అలవాటున్నవారు దానిని వారానికొకసారి అడుగు నుంచి తిరగేయాలి, లేకపోతే ఆ ఊక కిందే సొరంగాలు తయారవుతాయి.

నేల గట్టిపడ్డాక పందికొక్కు గోడ పునాది వెంట ప్రయత్నిస్తుంది. దానికి నేను చూసినంతలో తిరుగులేని ఉపాయం గోడ వెలుపల మెష్ పాతడం. గోడను ఆనుకుని అడుగు లోతు కందకం తీసి, మెష్‌ను గోడ వెంట నిలువుగా దించి, అడుగున బయటి వైపుకు మరో అడుగు మడిచి పరిచి, మట్టి కప్పేయాలి. మడత బయటి వైపుకే ఉండాలి, లోపలికి కాదు. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, మెష్ తగలగానే పక్కకు జరిగి అక్కడ మళ్లీ తవ్వుతుంది. అడుగు వెనక్కి వెళ్లి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. రెండడుగుల లోతుకు పోయే పందికొక్కును అడుగు లోతు మెష్ ఆపగలగడానికి కారణం ఆ మడతే. మీ వైపు ఎర్రనేలలో ఈ కొలత సరిపోతుంది. ఇదే పని శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న ఉద్దానంలో, కవిటి, కంచిలి, సోంపేట వైపు ఇసుక నేలల్లో చేసేవారు లోతును ఒకటిన్నర అడుగులకు పెంచి, పైన రాళ్లు పరచాలి, ఎందుకంటే అక్కడ ఒక్క గట్టి వానకు ఇసుక కొట్టుకుపోయి మెష్ బయటపడుతుంది. కళింగపట్నం, బారువ, పూసపాటిరేగ వంటి తీరప్రాంతాల ఉప్పుగాలికి సన్నని తీగ త్వరగా తుప్పు పడుతుంది. అక్కడ మందమైన జీఐ (జింకు పూత వేసిన ఇనుప) మెష్ కొనాలి, ఏటా వానలకు ముందు ఒకసారి చేత్తో లాగి చూడాలి.

గోడ పైన మీరు కొట్టించిన ఆరుమూలల జాలి కోళ్లను బయటకు పోనీయకుండా ఉంచడానికి పనికొస్తుంది గానీ, ఎలుకను లోపలికి రానీయకుండా ఆపడానికి పనికిరాదు. ఎలుక పిల్ల ఆ కన్నులో నుంచి నేరుగా దూరుతుంది, పెద్ద ఎలుక సన్నని తీగను కొరికి మెలిక విప్పుతుంది. మొత్తం మార్చనవసరం లేదు. ఉన్న జాలి మీదనే అర అంగుళం వెల్డ్ మెష్‌ను నేల నుంచి కనీసం మూడడుగుల ఎత్తు వరకు బిగించండి. కప్పు వైపు నుంచి ఇంటి ఎలుకలు కూడా వస్తుంటే పైదాకా వేయక తప్పదు. చిట్టెలుకలను కూడా ఆపాలంటే పావు అంగుళం కన్ను కావాలి, దాని ఖర్చు ఎక్కువ కనుక కోడిపిల్లలను ఉంచే గదికి మాత్రం అది వాడండి. దుకాణంలో గేజీ అడిగేటప్పుడు, అంకె తగ్గేకొద్దీ తీగ మందం పెరుగుతుందని గుర్తుంచుకోండి. మెష్‌ను చిన్న మేకులతో అక్కడక్కడా తగిలిస్తే మధ్యలో తోసుకుని వచ్చేస్తాయి. అంచు పొడవునా చెక్కపట్టీ పెట్టి, వాషరు వేసిన స్క్రూలతో బిగించాలి.

తలుపు విషయంలో చాలామంది ఏమరుపాటుగా ఉంటారు. తలుపు కింద బొటనవేలు దూరేంత సందు ఉంటే ఇంటి ఎలుకకు అది చాలు, చిటికెనవేలు దూరేంత సందు చిట్టెలుకకు చాలు. సిమెంటు గడప కట్టించి, తలుపు దానికి ఆనుకుని మూసుకునేలా చేసి, తలుపు అడుగు భాగానికి లోపలా బయటా అడుగు ఎత్తున జీఐ రేకు కొట్టించండి. రేకుల కప్పు గోడ మీద ఆనే చోట రేకు మడతల కింద వరుసగా ఉండే సందులు కింద నిలబడి చూస్తే కనిపించవు. నిచ్చెన వేసుకుని, వాటిని ఒక్కొక్కటిగా సిమెంటుతో గానీ మెష్ ముక్కలతో గానీ మూసేయాలి. గుడ్డలు, కొబ్బరి పీచు కుక్కడం వృథా, వాటిని ఎలుకలు తమ గూటికి వాడుకుంటాయి.

కొత్తగా కట్టుకునేవారికి మాత్రం కాళ్ల మీద నిలబెట్టిన గూడే మంచిదని చెబుతాను. మూడడుగుల ఎత్తు కాళ్లు పెట్టి, ప్రతి కాలికి మధ్యలో నున్నటి రేకును గరాటులా బోర్లించి బిగించి, గోడకూ చెట్టు కొమ్మకూ మూడడుగుల ఎడం ఉంచితే, తవ్వే జంతువుకూ ఎక్కే జంతువుకూ దారి ఉండదు. ఇంటి ఎలుక నిలువునా రెండడుగులకు పైగా ఎగరగలదు కాబట్టి అంతకన్నా పొట్టి కాళ్లు పెట్టి ప్రయోజనం లేదు.

పొదుగు మీద ఉన్న పెట్టను, మొదటి నెలలోని పిల్లలను మీరు ఈ పనులన్నీ పూర్తయ్యేదాకా ఆ గూటిలో ఉంచకండి. పొదిగే 21 రోజులూ పెట్ట కింద నుంచే గుడ్లు పోతుంటాయి. ఇంటి వరండాలో బల్ల మీద చెక్కపెట్టెకు పావు అంగుళం మెష్ మూత వేసి అందులో పొదిగించండి. కోళ్ల గంప కింద మూసి పడుకోబెట్టే పద్ధతి పగటిపూట గద్దల నుంచి, కాకుల నుంచి కాపాడుతుంది గానీ, మట్టినేల మీద బోర్లించిన గంపలోకి పందికొక్కు కింది నుంచి వస్తుంది. చలికి బల్బు వేసి పెంచే పిల్లలకు రాత్రి కూడా మేత ఉండాలి, అందువల్ల వాటి పెట్టెకు ఆరువైపులా మెష్ ఉండి తీరాలి.

గూటి చుట్టూ మూడడుగుల మేర ఏమీ లేకుండా చదునుగా ఉంచి, వీలైతే కంకర పరవండి. చాటు లేని చోటును దాటడానికి ఎలుకలు జంకుతాయి. కట్టెల మోపులు, కొబ్బరి మట్టలు, విరిగిన పెంకులు, గత్తం (పేడ ఎరువు) కుప్ప అక్కడ ఉండకూడదు; గడ్డివాము ఎంత దూరం ఉంటే అంత మంచిది. మన జిల్లాల్లో దీనికి ఒక కాలం కూడా ఉంది. నవంబరు, డిసెంబరు నెలల్లో వరి కోతలై చేలు ఖాళీ కాగానే, గట్లలోని పందికొక్కులు కుప్పల వెంట, ధాన్యం వెంట ఇళ్ల వైపు వస్తాయి. తుఫాను వానలకు నాగావళి, వంశధార నదులు పొంగి పల్లపు చేలు మునిగినప్పుడు కూడా అవి బొరియలు వదిలి మెరక చోటుకు చేరతాయి, అంటే మన పెరట్లోకి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటాక ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడి చెట్ల మోడులు చాలాచోట్ల చాలాకాలం పడి ఉన్నాయి; అటువంటి కుప్పలు పెరటి దగ్గర ఉంటే వాటిని తీయించడమే మొదటి పని. కనుక గూటి మరమ్మతు ఏటా కోతలకు ముందే ముగించుకోవడం మంచిది.

ఇక ఇప్పటికే ఉన్న బొరియలు. సాయంత్రం నోళ్లన్నింటినీ తడిమట్టితో మూసేయండి. తెల్లారి తెరుచుకున్నవే ఎలుకలు ఉంటున్న బొరియలు, మిగతావి పాతవి. చేతులు లోపల పెట్టకండి, బూట్లు లేకుండా తవ్వకండి. ఎలుక బొరియలో నాగుపాము, కట్లపాము ఉండడం మన దగ్గర మామూలు సంగతి. జెర్రిపోతు కనిపిస్తే దాని దారిన దానిని పోనివ్వండి, మెష్ సరిగా ఉంటే అది మీ గుడ్ల దాకా రాలేదు, బయట ఎలుకలను మాత్రం తింటుంది. ఉంటున్న బొరియల దగ్గర, గోడ వెంట వాటి దారిలో, బోనులు పెట్టండి. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం ఎక్కువ కనుక మొదటి రెండు మూడు రాత్రులు బోను తలుపు తెరిచి కట్టేసి, ఎర మాత్రం పెట్టి తిననివ్వాలి; ఆ తరువాత బిగించాలి. మా అనుభవంలో కాల్చిన ఉప్పుచేప, నూనెలో వేయించిన కొబ్బరి ముక్క బాగా పనిచేస్తాయి. పగలు కోళ్లు తిరిగే చోట బోను వదిలేయకండి. జిగురు అట్టలు వద్దు, వాటికి కోడిపిల్లలు, పిచ్చుకలు కూడా అంటుకుంటాయి.

మందు గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు కనుక వివరంగా చెబుతాను. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువును విడుదల చేస్తుంది, దానికి విరుగుడు లేదు. మందు కలిపిన నూకలకూ మామూలు నూకలకూ కోడి తేడా చూడదు, కొద్ది గింజలే దాని ప్రాణం తీస్తాయి. పైగా పందికొక్కు ఆ గింజలను మోసుకుపోతూ దారిలో రాల్చుతుంది. కోళ్లు, పిల్లలు తిరిగే పెరట్లో దానిని వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎలుకల పేస్టుకూ, బొరియలో వేసే విషవాయువు బిళ్లలకూ ఇదే మాట. ఆ బిళ్లల వాయువు మట్టి సందుల్లోంచి ఇంట్లోకి కూడా రాగలదు. నేల, మేత, తలుపు పనులన్నీ అయ్యాక కూడా తప్పనిసరి అయితే, బ్రోమాడయోలోన్ 0.005 శాతం తయారు బిళ్లలను, గూటికి వెలుపల, ఉంటున్న బొరియలో మూర లోతున పెట్టి నోరు మూయాలి, లేదా కోడి తల దూరని సన్నని పీవీసీ గొట్టం మధ్యలో తీగతో కట్టి పెట్టాలి. అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, ఎలుక చనిపోవడానికి నాలుగైదు రోజులు లేదా వారం పడుతుంది. దానికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. ఆ వారమంతా ప్రతి ఉదయం వెతికి, చనిపోయినవాటిని లోతుగా పాతిపెట్టాలి, లేకపోతే వాటిని తిన్న కుక్క, పిల్లి, గుడ్లగూబ కూడా చనిపోవచ్చు. మోతాదు, మందు లభ్యత గురించి ఆమదాలవలసలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, మీ మండల వ్యవసాయాధికారిని గానీ అడగండి. చుట్టుపక్కల నాలుగైదు ఇళ్లవారు ఒకే వారంలో కలిసి చేస్తేనే మందుకు ఫలితం ఉంటుంది.

పిల్లి విషయం సులువు. అది చిట్టెలుకలను పడుతుంది, బాగా ఎదిగిన పందికొక్కు మీదికి వెళ్లదు, మీ కోడిపిల్లల మీదికి మాత్రం వెళుతుంది. కర్పూరం ఉండలు, ఫినాయిల్, చప్పుడు చేసే యంత్రాలు కొన్నాళ్లు బెదరగొడతాయి, ఆ తరువాత వాటికి ఎలుకలు అలవాటు పడతాయి. గూటి చుట్టూ కరెంటు తీగ లాగమని ఎవరైనా చెబితే వినకండి. అది చట్టవిరుద్ధం, పైగా తెల్లవారుజామున గుడ్ల కోసం వెళ్లే మన ఇంటి మనిషి ప్రాణమే పోతుంది.

పని మొదలుపెట్టే ముందు గూటిలోని పాత ఊకను, పెంటికలను పొడిగా ఊడ్చకండి. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు చల్లి, పావుగంట ఆగి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని తీయండి. ఎలుకల మూత్రం కలిసిన తడినేల నుంచి కాలి పగుళ్ల ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు మనుషులకు సోకుతుంది. వానాకాలంలో పిల్లల్ని చెప్పులు లేకుండా అటు పంపకండి. కోళ్లకు కూడా సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవుల జబ్బులు ఎలుకల నుంచి వస్తాయి, కాబట్టి ఎలుక తిరిగిన తొట్టిని కడగకుండా మళ్లీ మేత పోయకూడదు.

అంతా పూర్తయ్యాక వెంటనే కోడిపిల్లలను లోపల పెట్టకండి. సాయంత్రం కోళ్లను మూశాక, గడప మీద, గోడ మొదట్లో, మేత తొట్టి ఉండే చోట ముగ్గుపిండిని జల్లెడతో పలుచగా చల్లి, ఉదయం కోళ్లను వదలకముందే టార్చి వేసి చూడండి. గడప దగ్గర అడుగులు కనిపిస్తే తలుపు సందును, తొట్టి దగ్గర మాత్రమే కనిపిస్తే కప్పు సందులను మళ్లీ వెతకండి, ఎందుకంటే తొట్టి దాకా నేల మీద జాడ లేకుండా వచ్చిందంటే అది పై నుంచి దిగింది. వరుసగా వారం రోజులు ముగ్గు చెదరకుండా ఉంటే తల్లినీ పిల్లలనూ గూటిలోకి మార్చుకోవచ్చు.